అనసూయమ్మ ముచ్చట వినే నీళ్లు

కొత్తవాడలో పొద్దున నల్లా వచ్చే టైముకు అత్తను ఇంట్లోనే ఆపడం పద్మలత పని. ఎందుకంటే అనసూయమ్మ బిందె పట్టుకొని బయటికొచ్చి, పక్కింటామెతో "ఏమే, నిన్న పెండ్లికి పోయినవట గదా" అని మొదలుపెట్టిందంటే చాలు, నల్లా నీళ్లు ముచ్చట వినడానికి ఆగిపోతాయి. ధార సన్నబడి చుక్కలవుతుంది. ఒక్కో చుక్క దిగాలా వద్దా అన్నట్టు నల్లా మూతికే వేలాడుతుంది. వెనక నిలబడ్డవాళ్లు "అక్కా, నీకు దండం పెడ్త, బిందెలు నిండినంక మాట్లాడరాదే" అని మొత్తుకుంటారు. అంతే తప్ప అందులో వింతేముందని ఎవరూ అనుకోలేదు. ఆమె మాట్లాడుతుంటే ఆ ఇంట్లో పాలు పొంగవు. పోయినేడు దవాఖానలో చుట్టాన్ని చూడబోతే సెలైన్ ఎక్కడం ఆగిపోయిందని నర్సమ్మ ఆమెను బయట కూర్చోబెట్టింది కూడా.

ఆ పొద్దున మాత్రం అత్తను ఆపే ఓపిక పద్మలతకు లేదు. చెవి దగ్గర ఫోన్లో తండ్రి ఏడుస్తున్నాడు.

నెక్కొండ అవతల ఊళ్లో ఆమె తండ్రి రాయమల్లు మిరప చేనుకు మందు కొట్టొచ్చి, స్ప్రే పంపును తెలివితక్కువగా మంచినీళ్ల బావి గట్టు మీద కడిగాడు. ఇంటింటికీ నల్లాలొచ్చినా ఆ ఊళ్లో పప్పు ఆ బావి నీళ్లతోనే ఉడకాలి, చాయ ఆ నీళ్లతోనే మరగాలి. వారం తిరక్కముందే మొగిలమ్మ బర్రె చచ్చిపోయింది. ఇంకేం, బావిలో మందు కలిసిందన్నారు. ఆదివారం జేసీబీ తెచ్చి పూడ్చేద్దామనుకున్నారు. రాయమల్లును ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. మాట్లాడటమే మానేశారు. దానికి ఆయన సగమైపోయాడు.

"బిడ్డా, తాతల నాటి బావి. నా చేతులతోటే విషం పోసిన. ఇగ ఈ ఊళ్లె నేనుండ. ఏడికన్న పోత."

"బాపూ, జర ఆగు. మొన్న వచ్చినప్పుడు బావి నీళ్లు సీసాల తెచ్చుకున్న గదా, ల్యాబుల నన్ను చూడనీ," అంది పద్మలత. అందిగానీ, చూడగలనన్న ధైర్యం ఆమెకే లేదు.

హనుమకొండలో ఒక కాలేజీ ల్యాబులో ఆమె రిసెర్చి చేస్తోంది. నీళ్లలో పురుగుమందు లవలేశమున్నా పట్టుకునే పద్ధతి తయారుచేయాలి. సిరంజి లాంటి ప్లాస్టిక్ గొట్టంలో తెల్లటి పొడి ఉంటుంది. ముందు ఆ పొడిని తడిపి, దాని గుండా నీళ్లు చుక్కచుక్కగా పంపితే మందు పొడికి అంటుకుంటుంది, నీళ్లు వెళ్లిపోతాయి. తర్వాత పొడిని కాస్త మిథనాల్ అనే స్పిరిటుతో కడిగి, ఆ కడిగింది మిషన్లో పెడితే మందు ఉందో లేదో తేలుతుంది. వినడానికి ఇంతే. కానీ ఆ ల్యాబులో నీళ్లను లాగే పంపు ముసలిది, దాని వాల్వు అరిగిపోయింది. ఆపితే చుక్క దిగదు, వేస్తే ధార కట్టి పోతుంది. ధారతోపాటు మందూ పోతుంది. పద్మలత మంచినీళ్లలో తానే మందు కలిపి చూస్తే సగానికి సగం దొరకడం లేదు. పొడి మార్చింది, మిథనాల్ మార్చింది, దేవుడికి మొక్కింది. కొత్త వాల్వు ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే తెలియాలి.

"బాపు బావి నీళ్లల్ల ఏం కనవడలేదు సార్," అంది గైడు ఓంప్రకాశ్ సార్‌తో.

"కనవడలేదా, లేదా?" అన్నాడాయన. "సగం చేపలు జారిపోయే వలతోటి చెరువుల చేపల్లేవని ఎట్ల చెప్తవమ్మా? అందులోనూ నువ్వు కూతురివి. నీ మాట ఊరు నమ్మదు. పద్ధతి మాట్లాడాలె."

ఆ మాట నిజమే. నిజమైనందుకే పద్మలతకు కడుపు మండింది. తిండి మానేసి పంపు ముందే కూర్చుంది.

మధ్యాహ్నం అనసూయమ్మ ఆటో దిగి, టిఫిన్ డబ్బాతో ల్యాబులోకి వచ్చింది. వస్తూనే అందుకుంది. "అన్నం డబ్బా ఇంట్లనే ఇడిసిపెట్టి వస్తవా? మీ బాపు అక్కడ తినడు, నువ్విక్కడ తినవు. నేనొక్కదాన్ని బుక్కెడు బుక్కెడు మింగుకుంట కూసోవాల్నా?"

పంపు గుర్రుమంటూనే ఉంది. గొట్టంలో మాత్రం ధార తెగి, చుక్కయింది. చుక్క. ఆగి, మళ్లీ చుక్క.

పద్మలత నుదురు కొట్టుకుంది. "ఓ అత్తమ్మా! ఇన్నిదినాలు నల్లా కాడ మిమ్ముల ఆపుకుంట కూసున్న గదా నేను! కూసోండ్రి. మాట్లాడుండ్రి."

"ఏం మాట్లాడాలె?"

జీవితంలో మొదటిసారి అనసూయమ్మ ఆ ప్రశ్న అడిగింది.

సార్ వచ్చి, వాచీ ముందర పెట్టుకొని చుక్కలు లెక్కబెట్టి, "అమ్మగారికి కుషన్ ఉన్న కుర్చీ వెయ్యి," అన్నాడు. అసలు పని అప్పుడు మొదలైంది. ఏ ముచ్చట పడితే ఆ ముచ్చట పనికిరాదని ఆ రోజే తేలిపోయింది. లేచిపోయిన పిల్ల ముచ్చట చెప్తే నీళ్లు ముందుకు జరగనే లేదు, గొట్టంలోనే నిలబడి విన్నాయి. కూరగాయల ధరలు చెప్తే విసుగొచ్చి బుడబుడమని పారిపోయాయి. మోకాళ్ల నొప్పులకూ అంతే. చివరికి ఆమె తన పెండ్లయిన కొత్తలో మామ దగ్గర మగ్గం మీద జంపఖానా నేయడం నేర్చుకున్న ముచ్చట ఎత్తుకుంది. పడుగు ఎట్ల కట్టింది, రంగు ఎక్కడ తప్పింది, మామ ఎట్ల తిట్టిండు, పోగు వెంట పోగు. నీళ్లు దానికి చుక్క వెంట చుక్కగా దిగాయి. కలిపిన మందు దాదాపు అంతా దొరికింది. మర్నాడూ దొరికింది.

"ఇది పేపర్ల ఎట్ల రాయాలె సార్? వేరే ల్యాబోళ్లు ఎట్ల చేస్తరు?"

"వాళ్లకు మంచి వాల్వులుంటయి. లేకుంటే అత్తలుంటరు," అన్నాడు సార్.

శనివారం ఆయన రాయమల్లు ఊరి బావి నీళ్లను రెండు సీసాల్లో పోసి, ఒకదానిలో చిటికెడులో చిటికెడు మందు కలిపాడు. దేంట్లో కలిపిందీ పద్మలతకు చెప్పలేదు. అనసూయమ్మ జంపఖానా ముచ్చట మొదలుపెట్టింది. మధ్యలో అవి ఏ బావి నీళ్లో గుర్తొచ్చి, కొంగుతో కళ్లొత్తుకుంటూ మాట ఆపేసింది. చుక్కలు గబగబా కలవబోయాయి. "అత్తమ్మా, ఆపకుండ్రి, మీ కాల్మొక్త," అంది పద్మలత. ఆమె ముక్కు చీది, మళ్లీ పోగు అందుకుంది.

సాయంత్రం మిషన్ రెండు గీతలు గీసింది. ఒకటి చదునుగా పోయింది. రెండోది మధ్యలో కొండలా లేచింది.

"రెండో సీసాల మందుంది సార్. మొదటి దాంట్ల లేదు," అంది పద్మలత.

సార్ అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నేను కలిపింది రెండోదాంట్లనే. మొదటిది మీ బావి నీళ్లు, ఉన్నదున్నట్టు. ఇప్పుడు చెప్పు, లేదని."

"లేదు సార్," అంది. అని, అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. ఎన్ని రోజులకో ఊపిరి పూర్తిగా ఆడింది.

ఆదివారం వాళ్లు ముగ్గురూ ఊరు చేరేసరికి జేసీబీ బావి దగ్గరే ఉంది. సార్ గట్టెక్కి రెండు గీతలూ చూపించి, అందరికీ అర్థమయ్యేలా చెప్పాడు. మొగిలమ్మ కొంగు దోపుకొని ముందుకొచ్చింది.

"మరి నా బర్రె దేనితోటి సచ్చింది సారూ?"

"అది పశువుల డాక్టరు చెప్పాలమ్మా. ఈ నీళ్లతోటి మాత్రం కాదు."

మొగిలమ్మ గట్టెక్కి బావిలోకి తొంగి చూసింది. తర్వాత తనే చేద వేసి నీళ్లు తోడి, రాయమల్లు వైపు తిరిగింది. "రా అన్నా. ముందుగాల నువ్వే తాగు. గట్టు మీద ఇంకోసారి పంపు కడిగితే మాత్రం నేనూకోను."

రాయమల్లు వచ్చి కూర్చొని దోసిలి పట్టాడు. బావి నీళ్లు ముట్టక ఎన్నాళ్లయిందో, పెదాలు పగిలి ఉన్నాయి. అనసూయమ్మ చేదలో చెంబు ముంచి ఎత్తింది. ఊరంతా ఆమె వైపు చూసింది. వియ్యపురాలు వస్తే ముచ్చట్లకు తక్కువుండదని అందరికీ తెలుసు. ఆమె "అన్నా" అంది. చెంబు మూతి దగ్గర నీళ్లు ఆగాయి. ఆయన కంటి కొసన నీళ్లూ ఆగాయి.

అది చూసి అనసూయమ్మ నోరు మూసుకుంది.

నీళ్లు జలజలా దోసిట్లో పడ్డాయి. ఆయన తాగుతూ తాగుతూ వెక్కివెక్కి ఏడ్చాడు. చెంబు ఖాళీ అయ్యేదాకా ఆమె ఒక్క మాట మాట్లాడలేదు.