ఒక్క క్షణం ముందు

మా ఆయన ఆంటో, చర్చి పాటల బృందంలో ప్రతి చరణమూ అందరికంటే ఒక్క క్షణం ముందే ఎత్తుకునేవాడు. ఎన్ని తిట్లు తిన్నా మారలేదు. ఆయన పోయాక, ఆ బృందం రికార్డు చేసిన పాటలు రోజూ ఫోన్లో పాటల యాప్‌లో వినేదాన్ని. ఒకరోజు చూస్తే ఆ తప్పు దిద్దేసి, పాత పాటలు తీసేసి, కొత్తవి పెట్టారు. నాకు ఒళ్ళు మండింది.

“పాత ఫైళ్ళు నా దెగ్గిర ఉండాయి లూర్దక్కా, కొనుక్కుంటావా?” అన్నాడు వ్యాసర్పాడి స్టూడియోలో ఆ పాటలు రికార్డు చేసిన మణిమారన్.

“ఇయ్యి. నా ఫోన్లో ఉంటే ఎవురు దిద్దుతారో చూస్తా,” అన్నాను.

అప్పటినుంచి వంట చేసుకుంటూ ఆయనతో కలిసి పాడుతున్నాను.

మొన్న ఆదివారం చర్చిలో అందరం పాడుతుంటే, చరణం నేనొక్కదాన్నే ముందు ఎత్తుకున్నాను. అందరూ నావైపు తిరిగారు. నేను మగవాళ్ళ వరుసలో ఆయన నిలబడే చోటు వైపు చూశాను.