పదిహేడో రాయి దగ్గర ఊపిరి

"ఇంజన్ పోయింది" అని యలమందయ్య ఫోన్లో చెబితే, ఇంటి దగ్గర అతని తల్లి హనుమాయమ్మకు "అంజని పోయింది" అని వినపడింది.

అంజని యలమందయ్య భార్య. పోవాల్సినంత జబ్బు ఆమెకు ఏనాడూ లేదు. ఆ సమయానికి పెరట్లో కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. అయితే డెబ్బై రెండేళ్ల హనుమాయమ్మ చెవికి వినికిడి తగ్గినకొద్దీ కల్పన పెరిగింది. ఫోన్ కింద పెట్టకుండానే శోకం ఎత్తుకుంది. వీధిలో సగం మంది పరుగెత్తుకొచ్చారు, మిగతా సగం పొయ్యి మీది కూర దించి వచ్చారు. మిరప ఘాటుకి కళ్లూ ముక్కూ కారుకుంటూ అంజని లోపలికొచ్చి, అందరూ ఏడుస్తుంటే తానూ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఎవరే పోయింది?" అని పక్కింటి కోటిరత్నాన్ని అడిగింది.

"నువ్వేనంట వదినా" అని చెప్పి, ఏడవటానికి తెరిచిన నోరు అలాగే ఉంచేసింది కోటిరత్నం.

మధ్యాహ్నానికి యలమందయ్య, పోయిందన్న ఆ ఇంజన్‌తోనే ఇంటికొచ్చాడు. దగ్గరి ఊరికి నడిచి ఫోన్ చేసి తిరిగెళ్లి తాళం తిప్పితే అదే అందుకుందట. వాకిట్లో జనాన్ని చూసి, సంగతి విని, "కారు ఆగితే మీరంతా ఇంత కన్నీరు కారుస్తారని తెలిస్తే ముందే నెట్టటానికి పిలిచేవాణ్ణిగా" అన్నాడు. అందరూ నవ్వారు. పోయిన మనిషే అందరికన్నా ఎక్కువ నవ్వింది.

హనుమాయమ్మ మాత్రం నవ్వలేదు. "నాకు చెవుడే గానీ పిచ్చి కాదురా యలమందా. ఫోన్లో మాట్లాడింది నువ్వు కాదు. చిన్నోడు" అంది.

చిన్నోడంటే యలమందయ్య తమ్ముడు బుల్లయ్య. పోయి ఏడాది కావొస్తోంది.

ఆ కారు బుల్లయ్యదే. దేశం వదిలిపోతున్న ఒక పొగాకు కంపెనీ దొర దగ్గర మద్రాసులో కొన్నాడు. రెండే సీట్లు, మిరపపండు రంగు, కూర్చున్నవాడు నేలకు జానెడెత్తులో ఉంటాడు. ఆకారం చిన్నది, హుంకారం పెద్దది. బుల్లయ్యకు పెళ్లాం లేదు, పిల్లలు లేరు, పొగాకు కాల్చే బేరన్లున్నాయి, కారుంది. మమకారమంతా దాని మీదే, అహంకారం కూడా. కిందటి మాఘమాసంలో ఒక పొద్దున గుండెల్లో మంటగా ఉంది, గుంటూరులో డాక్టరుకి చూపించుకొస్తానని ఒక్కడే బయలుదేరాడు. ప్రత్తిపాడు దాటాక పత్తి తీసే ఆడవాళ్లు చూసేసరికి, రోడ్డు వారగా కారులో కూర్చునే ఉన్నాడు. చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి. మనిషి లేడు.

అప్పటినుంచీ కారు టార్పాలిన్ కిందే ఉంది. తమ్ముడి గుర్తు తుప్పు పట్టిపోతోందని యలమందయ్య ఈ మాఘంలో బయటికి తీశాడు.

"ఎక్కడ ఆగిందిరా?" అని అడిగింది తల్లి.

యలమందయ్య చెప్పులు విప్పుతూ కాస్త ఆలస్యం చేశాడు. "అదే అమ్మా. పదిహేడో రాయి కాడ."

నవ్వేవాళ్లు ఒక్కొక్కరే ఆపేశారు. బుల్లయ్య దొరికింది ఆ కిలోమీటరు రాయి పక్కనే.

మరుసటి శుక్రవారం మళ్లీ ఆగింది. అక్కడే. రాయికి పది గజాలు అటో ఇటో.

ఆగబోయే ఇంజన్ దగ్గుతుంది, తుమ్ముతుంది, నాలుగు తిట్లు తింటుంది. ఇది అలా కాదు. మాట్లాడుతూ మాట్లాడుతూ మనిషి నిద్రలోకి జారినట్టు, గొంతు సన్నగిల్లి ఆగిపోయింది. పట్టపగలు పదిన్నర. రోడ్డుకి అటూ ఇటూ నల్లరేగడిలో పత్తి విచ్చుకుని తెల్లగా ఉంది. గాలి లేదు. ఎక్కడో కల్లంలో ఎండుతున్న మిరపకాయల ఘాటు మాత్రం గాలి లేకుండానే వస్తోంది. యలమందయ్య బానెట్ ఎత్తి చూశాడు. అన్నీ ఉన్నాయి. పెట్రోలుందో లేదో చూద్దామని ట్యాంకు మూత తిప్పాడు.

కారు ఊపిరి పీల్చింది.

నీళ్లలో మునిగిన మనిషి పైకి తేలి మొదటిసారి గాలి లాక్కున్నట్టు, పొడుగ్గా, గొంతులో కీచుమంటూ. యలమందయ్య చేతిలోని మూత కింద పడింది. అది తీసి బిగించి, తాళం తిప్పితే, ఏమీ జరగనట్టు ఒక్క తాకుకే ఇంజన్ అందుకుంది. గుంటూరు చేరేదాకా అతను పక్క సీటు వైపు చూడలేదు.

గుంటూరు, ప్రకాశం జిల్లాలు రెండూ కలిపి అలాంటి కారున్న వాళ్లు ఇద్దరే. రెండోవాడు గుంటూరు లాయరు రాధాకృష్ణమూర్తి. ఇద్దరూ కలిసేది మెకానిక్కు బుడే షెడ్డులో. బీపీ, షుగరూ ఉన్నవాళ్లు ఆస్పత్రి బల్ల మీద కూర్చుని ఒకరి రోగం ఒకరు విన్నట్టు, వీళ్లు ఒకరి ఇంజన్ బాధ ఒకరు వినేవాళ్లు.

"స్పోర్ట్సు కారంటే ఏవిటనుకున్నారు యలమందయ్యగారూ?" అన్నాడు లాయరు. "మనం దాంతో ఆడుకోవటం కాదు, అది మనతో ఆడుకోవటం. నాది పొన్నూరు దాకా కూడా పోకుండానే వేడెక్కుతుంది. విడిభాగం కావాలంటే లండను నుంచి రావాలి. వచ్చేలోగా నేనే విడిపోయేట్టున్నాను."

"మీది వేడెక్కుతోంది లాయరుగారూ. నాది చల్లబడుతోంది" అన్నాడు యలమందయ్య.

బుడే ప్లగ్గులు పీకి కొత్తవి వేశాడు, కాయిల్ మార్చాడు, పెట్రోలు పంపు మార్చి పంపాడు. వారంలో ఆరు రోజులు కారు ఎక్కడికి తోలితే అక్కడికి పోయేది. శుక్రవారం వచ్చేసరికి పదిహేడో రాయి దగ్గర ఆగేది, మూత తీస్తే ఊపిరి పీల్చేది, మళ్లీ నడిచేది. మూడో శుక్రవారం అయ్యాక బుడే చేతులు తుడుచుకుంటూ, "ఇంజన్లో ఏం లేదన్నా. ఉన్నదేందో ఇంజన్లో లేదు" అన్నాడు. ఆ మాట అన్నాక తనే షెడ్డులోంచి బయటికొచ్చి నిలబడ్డాడు.

నాలుగో శుక్రవారం హనుమాయమ్మ తానూ వస్తానంది.

పొద్దున్నే తలంటి పోసుకుంది. చక్రాలకీ, ముందు దీపాలకీ, పెట్రోలు మూతకీ పసుపు రాసి బొట్లు పెట్టింది. ఇంట్లో పెద్ద ముత్తైదువ కాబట్టి ఆ పని ఆమెదే. బుల్లయ్య కారు కొన్నప్పటినుంచీ, టార్పాలిన్ కింద ఉన్న ఏడాది మినహా, శుక్రవారం తప్పలేదు. మూతకైతే మరీ దండిగా పెట్టేది. "తాగే నోరురా, ముందు దానికి పెట్టాలి" అనేది. తర్వాత కొత్త చీర కట్టుకుని, చేగోడీల డబ్బా ఒళ్లో పెట్టుకుని, మోకాళ్లు గడ్డానికి తగిలేట్టు ఆ బుల్లి సీట్లో కూర్చుంది.

పదిహేడో రాయి కనపడగానే ఇంజన్ గొంతు తగ్గింది. కారు ఆగింది.

"వచ్చావా నాయనా" అంది హనుమాయమ్మ, స్టీరింగ్ వైపు చూసి. స్టీరింగ్ దగ్గర కూర్చున్నది యలమందయ్య. ఆమె చూపు అతన్ని దాటి పోలేదు, అతనిలోనే ఎవరి మీదో ఆగింది.

ఆమె అరగంట మాట్లాడింది. పత్తికి తెల్లదోమ పట్టిన సంగతి, కోటిరత్నం కూతురికి మగపిల్లాడు పుట్టిన సంగతి, అంజనిని బతికుండగానే చంపి ఏడ్చిన సంగతి. సగం చేగోడీలు తను తింది, సగం అద్దం ముందు పెట్టింది. పత్తి తీసేవాళ్లు ఒడి సంచులతో దూరంగా నిలబడి చూస్తున్నారు.

"ఇంక ఊపిరి తీసుకో నాయనా" అంది చివరికి.

యలమందయ్య దిగి మూత తీశాడు. ఆ లోపలికి లాక్కునే చప్పుడు చెవిటి హనుమాయమ్మకు కూడా వినపడింది. ఆమె ముఖం విచ్చుకుంది.

బుల్లయ్య పోయినప్పటినుంచీ ఆమె మజ్జిగ నీళ్లతో బతుకుతోంది. ఆ రోజు ఇంటికొచ్చి గోంగూర పచ్చడి అడిగి వేయించుకుని, రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. వంటింటి గుమ్మంలో నిలబడి అంజని భర్తతో గొంతు తగ్గించి, "ఆ బండిని బాగు చేయించమాకయ్యా" అంది.

యలమందయ్యకు ఎటూ తోచలేదు. కారు బాగుపడితే అమ్మ మంచాన పడుతుంది. బాగుపడకపోతే తన మతి పడిపోయేట్టుంది. పొలంలో మోటారు కట్టేసినా అదే ఊపిరి వినపడుతోంది. అద్దంలో గడ్డం గీసుకుంటుంటే తన ముఖం తమ్ముడి ముఖంలా కనపడుతోంది. తమ్ముడు నిజంగానే అక్కడుంటే, ప్రతి శుక్రవారం ఊపిరాడక ఎందుకు కొట్టుకుంటున్నట్టు? ఆ ప్రశ్న తల్లిని అడగలేడు. తనని తాను అడగకుండా ఉండలేడు. చివరికి తల్లికి చెప్పకుండా బుడేకి కబురు చేశాడు. "బండిని షెడ్డులో బతికుండగా చూశావు. చచ్చినప్పుడు వచ్చి చూడు."

ఐదో శుక్రవారం లాయరు కారులో బుడే ముందే వచ్చి రాయి దగ్గర కాపు కాశాడు. ఈ సంగతి అప్పటికే నాలుగూళ్లు పాకింది. పత్తి తీసేవాళ్లు పని ఆపి రోడ్డు వారన వరసగా నిలబడ్డారు. ఎర్ర కారు మెల్లగా వచ్చి, మెల్లగా చచ్చి, వాళ్ల ముందు ఆగింది.

హనుమాయమ్మ కబుర్లు మొదలుపెట్టింది. యలమందయ్య దిగి మూత మీద చెయ్యి వెయ్యబోయాడు.

"ఆగన్నా, తియ్యమాక" అన్నాడు బుడే.

అతను మోకాళ్ల మీద కూర్చుని మూతకు చెవి ఆనించాడు. తర్వాత చేత్తో తడిమాడు. మూత నడినెత్తిన పసుపు, కుంకుమ ముద్ద కట్టి ఎండి ఉన్నాయి. స్క్రూడ్రైవరు మొనతో ఆ ముద్దని గీశాడు. ఒక పెళ్ల ఊడింది. దాని కింద ఆవగింజంత బెజ్జం.

మూత తియ్యకుండానే ఊపిరి వచ్చింది. ఈసారి సన్నగా, ఈలలా, ఎంతకీ ఆగకుండా. వరసలో నిలబడ్డ వాళ్లు ఒక అడుగు వెనక్కి వేశారు. లాయరు గుండె పట్టుకున్నాడు.

"గాలి బెజ్జమన్నా" అన్నాడు బుడే, యలమందయ్యకు మాత్రమే వినపడేట్టు. అతని ముఖంలో నెల రోజుల భయం దిగిపోయి నవ్వు వస్తోంది. "పెట్రోలు దిగేకొద్దీ దీంట్లోంచి ట్యాంకులోకి గాలి పోవాలి. ఇది మూసుకుంటే గాలి అందదు. గాలి అందకపోతే పెట్రోలు దిగదు. ట్యాంకు నింపి బయలుదేరితే సరిగ్గా ఈడ దాకా వస్తది. మూత తీస్తే గాలి లాక్కుంటది, అదే మనం విన్నది. శనివారం బండి కడుగుతారు, బెజ్జం తెరుచుకుంటది. ఇంజన్ బంగారమన్నా. అంతా పసుపు చేసిన పని."

పసుపు. శుక్రవారం. యలమందయ్యకు ముందు నవ్వే వచ్చింది. సగంలో ఆగిపోయింది.

కిందటేడు బుల్లయ్య బయలుదేరింది కూడా శుక్రవారమే. మామూలుగా శుక్రవారం వాడు కారు ఊరు దాటించేవాడు కాదు. ఆ రోజు తాను పరుగెత్తుకొచ్చేసరికి కారు తాళం తిప్పే ఉంది. బ్యాటరీ అడుగంటి ఉంది. అప్పుడు తోచలేదు. ఎన్నిసార్లు స్టార్టు చేసి ఉంటాడు? గుండె పట్టుకుని, ఈ ఎండలో, ఈ తెల్లటి చేల మధ్య, కనుచూపు మేరలో మనిషి లేకుండా ఎంతసేపు? గుంటూరు ఇంక పదిహేడు కిలోమీటర్లు.

"ఏందిరా అది? ఏం కనపడింది?" అంది కారులోంచి హనుమాయమ్మ.

"ఏం లేదు పెద్దమ్మా" అని బుడే సంబరంగా లేచాడు. "నువ్వు పెట్టిన..."

యలమందయ్య అతని భుజం పట్టుకున్నాడు. ఆ పట్టుకి బుడే మాట మధ్యలో తెగింది. బుడే అతని ముఖం చూశాడు. తర్వాత స్క్రూడ్రైవరు మొనకు అంటిన పచ్చని పొడిని ప్యాంటుకి తుడిచేశాడు.

"దూది" అన్నాడు యలమందయ్య, వరస చివరిదాకా వినపడేట్టు. "అందరూ వినండి. మూతకి గాలి బెజ్జముంది. ఈ చేలల్లోంచి ఎగిరొచ్చే దూది దాంట్లో పట్టింది. గాలి అందక బండి ఆగుతోంది. ఊపిరి కాదు, దెయ్యం కాదు, ట్యాంకులోకి గాలి పోయే చప్పుడు. అంతే."

"పత్తి దూది పచ్చగా ఉండదే..." అన్నాడు లాయరు.

"లాయరుగారూ, మీ కారు వేడెక్కుతున్నట్టుంది, ఒకసారి చూసుకోండి" అన్నాడు బుడే. ఆపి ఉన్న కారు ఎందుకు వేడెక్కుతుందని లాయరు అడగలేదు. ఏళ్ల తరబడి సాక్షుల ముఖాలు చూసినవాడు. నోరు మూసుకుని తన కారు వైపు నడిచాడు.

పత్తి తీసేవాళ్లలో ఎవరో నవ్వారు. ఒకామె తన తల మీది దూదిపింజ తీసి పక్కామెకు చూపించింది. బిగుసుకున్న వరస వదులైంది.

"అయితే చిన్నోడు లేడా ఇక్కడ" అంది హనుమాయమ్మ.

"లేడమ్మా."

"మరి ఆనాడు? ఆనాడూ దూదేనా?"

"ఆనాడు బండి ఆగలేదమ్మా. నొప్పి వచ్చి వాడే పక్కకి తీసి ఆపుకున్నాడు. తాళం కట్టేసి ఉంది. నా చేత్తో నేనే తీశాను."

ఆమె తలూపింది. డబ్బా సీట్లో పెట్టి, కొడుకు చెయ్యి పట్టుకుని కిందికి దిగింది. రొంటిన ఉన్న భరిణె తీసి, చెదిరిపోయిన బొట్టు మళ్లీ పెడదామని పసుపులో వేలు ముంచి మూత మీదికి వంగింది. యలమందయ్య వద్దనబోయాడు. ఏమని వద్దనాలో తెలియలేదు.

వేలు బెజ్జానికి అంగుళం పైన ఆగింది. బెజ్జం చుట్టూ పసుపు పెళ్లలు ఊడిన అంచు ఉంది. ఆమె వంగిన మనిషి వంగినట్టే ఉండి దాన్ని చూసింది. తన వేలు చూసుకుంది. మళ్లీ దాన్ని చూసింది.

"దూదేగా" అంది. అడిగినట్టూ లేదు, చెప్పినట్టూ లేదు.

యలమందయ్య బుడే వైపు చూశాడు.

"దూదే పెద్దమ్మా" అన్నాడు బుడే. "దూదే పెద్దమ్మా" అని రోడ్డు వారన నిలబడ్డ వాళ్లంతా ఒక్కసారిగా అన్నారు.

హనుమాయమ్మ నడుము ఎత్తి, పసుపు వేలిని కొత్త చీర చెంగుకి రుద్దసాగింది. మరక చెంగంతా పాకినా రుద్దుతూనే ఉంది.