కంచె మొలకలు

శనివారం మధ్యాహ్నంలోగా ఎవరి వాటాలో మొలిచిన ముళ్లతీగ వాళ్లు కత్తిరించుకోవాలి. ఎల్బె నది గట్టు మీది ఆ ఊరి రివాజు అది; ఆదివారం ఎవరూ కత్తెర ముట్టరు. రెండు జర్మనీల మధ్య సరిహద్దు కంచె పీకేసి, ఆ జాగా కొంగలకీ నీటికుక్కలకీ వదిలేసి ముప్పై ఏళ్లు కావస్తోంది. ఇనుప వేళ్లు మాత్రం చావలేదు. వాన పడితే చాలు, సైకిళ్ల బాట పక్కన తుప్పురంగు మొలకలు లేస్తాయి. హానెలోర తన వాటా గోళ్లు తీసినట్టు తీసేది. పక్కింటి గేర్నోట్ పట్టించుకునేవాడు కాదు. నది వెంట రోజుల తరబడి తొక్కుకొచ్చేవాళ్లు అక్కడే టైర్లు చీల్చుకుని, గాలి పంపు కోసం ఈమె తలుపు బాదేవారు.

"నేనేమన్నా పంక్చర్ల కొట్టు పెట్టానా?" అని తిడుతూనే ఇచ్చేది.

ఆ ఆదివారం తలుపు కొట్టింది రోస్విత. సొంత అక్క. హాంబుర్గ్ నుంచి మూడు రోజులు తొక్కి, బల్లకట్టు మీద నది దాటి వచ్చింది. యాభై ఏడేళ్ల కిందట చెప్పాపెట్టకుండా ఈ నదే ఈది అవతలికి పారిపోయిన మనిషి. పారిపోయినదాని చెల్లెలికి పై చదువు లేదన్నారు ఇక్కడి సర్కారువాళ్లు. పద్నాలుగో ఏట హానెలోర పాలు పితికే పనిలో చేరింది.

కాఫీ పోసి, కేకు కోసింది.

"పిండి పొంగలేదేమే?" అంది అక్క.

"నీ కోసం చేసింది కాదులే."

"ఇంకా కోపమేనా?"

"ఎనిమిదో తరగతి దానికి కోపం కూడానా!"

"వాళ్లలా చేస్తారని నాకు తెలీదే. ఎన్ని ఉత్తరాలు రాశాను!"

"ఒక్కటీ తెరవలేదు."

రోస్విత లేచింది. "ఇంత దూరం తొక్కే ఓపిక మళ్లీ ఉండదు. ఇదే ఆఖరు." ఐదింటి బల్లకట్టు తప్పితే ఆ రోజుకి ఇంకోటి లేదు.

గేర్నోట్ వాటా దగ్గరికి వచ్చేసరికి తీగ లేచి ఆమె సైకిలు చక్రాన్ని అల్లుకుంది. ఒక్క ముల్లూ గుచ్చలేదు. సొరతీగ పందిరిని పట్టుకున్నట్టు పట్టుకుందంతే.

"ఈ గేర్నోట్‌తో చచ్చే చావు!" అని హానెలోర కత్తెర పట్టుకుని వెళ్లింది.

"కొయ్యవే, బల్లకట్టువాడు గంట కొడుతున్నాడు!"

హానెలోర కత్తెర తెరిచింది. చక్రం మీదికి వంగిన అక్క అచ్చం అమ్మలాగే ఉంది. కత్తెర మూసింది.

గేర్నోట్ తన కత్తెరతో ఉరికొచ్చాడు. "నా వాటా కదమ్మా, నేను కోస్తా."

"ఇన్నేళ్లలో ఇవాళేనా నీకు బుద్ధొచ్చింది? ఆదివారం పూట! పో ఇంటికి!"

"మరి నువ్వు?" అంది రోస్విత.

"నాకు మాత్రం ఆదివారం కాదా?"

బల్లకట్టు గట్టు విడిచింది. హానెలోర అక్క సంచీ భుజాన వేసుకుంది. "బంగాళాదుంపలే ఉన్నాయి. వంక పెట్టావో, పొద్దున్నే తీగ కోసేస్తా."

సోమవారం వాన పడింది. మంగళవారం కత్తెరకి పదును లేదంది. బుధవారానికి అక్క అడగడం మానేసింది.