కోటుతో సహా పన్నెండున్నర కిలోలు

తూకం రోజున ఆ కేంద్రంలో ఇరవై ఇద్దరు పిల్లలకీ ఒకటే కోటు. టీచరమ్మ పెనిమిటి బతికున్నన్నాళ్ళూ ఒక గోదాము గేటు దగ్గర వాచ్‌మన్‌గా నిలబడి వేసుకున్న కోటు అది. దళసరి ఉన్ని, రెండు వరసల ఇత్తడి గుండీలు. నాలుగేళ్ళ పిల్లకి తొడిగితే లోపల పిల్ల ఉన్నట్టు ముక్కు మాత్రమే సాక్ష్యం చెప్పేది.

కేంద్రమంటే పెద్దగా ఊహించుకోకండి. మెకానిక్ షెడ్డు వెనక ఒక గది, అంతే. బక్కచిక్కిన పేదపిల్లల్ని బాగుచెయ్యాలని ప్రభుత్వం వారు దయతలచి, మధ్యాహ్నం పూట గ్లాసుడు పాలు, ఒక గుడ్డు ఇస్తున్నారు. బదులుగా టీచరమ్మ నెలకోసారి పిల్లల్ని ముల్లు త్రాసు మీద నిలబెట్టి, సూపర్వైజరు మేడం ఫోన్లో ఉండగానే బరువులు చదివి వినిపించాలి.

రెండేళ్ళ కిందట చలికాలంలో కిటికీ అద్దం పగిలింది. బాగుచేయించమని రాసిన కాగితం ఏ బల్ల కింద నిద్రపోతోందో తెలియదు. పిల్లలు గడగడా వణుకుతుంటే చూడలేక టీచరమ్మ ఆ కోటు తెచ్చి, ఒకరి తర్వాత ఒకరికి కప్పి తూచింది. ఆ సాయంత్రమే మేడం మళ్ళీ ఫోన్ చేసింది.

"ఏం మంత్రం వేశారండీ టీచరమ్మా! ఒక్క నెల్లో తలా రెండు కిలోలా? భేష్!"

కోటండీ అని చెప్పబోయింది టీచరమ్మ. కానీ పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో ఆవిణ్ణి భేష్ అన్నవాళ్ళు లేరు. వచ్చే నెల చెబుదాంలే అనుకుంది. ఆ వచ్చే నెల రాకుండానే ఎండాకాలం వచ్చింది. పిల్లలు చెమటలు కక్కుతూ ఉన్నికోటులో తూగారు. గోడ మీద ప్రశంసాపత్రం వేలాడింది, దానికి గాజు అద్దం కూడా బిగించారు. కిటికీకి మాత్రం లేదు.

అలా రెండేళ్ళు గడిచాక ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. "మీ కేంద్రమందు బలహీనులైన బాలబాలికలు ఎవరూ మిగలనందుకు అభినందనలు. కావున వచ్చే నెల ఒకటో తేదీ నుండి పాలు, గుడ్లు నిలిపివేయడమైనది."

టీచరమ్మ ఉత్తరం రెండుసార్లు చదివింది. ముందుగా పిచ్చుకే గుర్తొచ్చింది. పిచ్చుకంటే హోటల్లో గిన్నెలు తోమే అమ్మాయి కూతురు. తెల్లారకముందే పనికి పోయే ఆ తల్లి, పిల్లని ఖాళీ కడుపుతోనే వదిలిపెట్టి వెళ్ళేది. పిచ్చుక పాలగ్లాసుని రెండు చేతులా పట్టుకుని, అడుగు కనిపించేదాకా ఊపిరి తీసుకునేది కాదు. "ఈ పిల్ల ఇంకో కిలో తగ్గిందంటే, మళ్ళీ జ్వరమొస్తే తట్టుకోలేదమ్మా," అని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. కోటుతో పిచ్చుక పన్నెండున్నర కిలోలు. పాలివ్వడానికి గీసిన గీత పన్నెండు, అది దాటితే పాలు లేవు. కోటు లేకపోతే పదిన్నర.

టీచరమ్మ కోటు చంకలో పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళింది.

"మేడంగారూ, తప్పంతా దీనిది."

"ఏంటమ్మా ఇది?"

"మీరు మెచ్చుకున్న రెండు కిలోలండీ."

మేడం లేచి తలుపు దగ్గరికి వేసింది. "ఈ మాట ఇంకెక్కడైనా అన్నారా? మీ పిల్లల బరువులు చూపించే మా పెద్దసారు ప్రమోషన్ కొట్టేశారు. ఆ గ్రాఫుకి ఫ్రేము కట్టించి నెత్తి మీద పెట్టుకున్నారు!"

"పోనీ, కోటు లేకుండా మళ్ళీ తూచి రాసేద్దామండీ."

"రాసి? నెల తిరక్కుండా ఇరవై ఇద్దరూ రెండేసి కిలోలు తగ్గారంటే, పాలు మీరు తాగేశారంటారు. మిమ్మల్ని పంపించేస్తారు. తర్వాత నన్ను."

"పిల్లలకి పాలు ఆగిపోతాయండీ!"

మేడం చెడ్డమనిషి కాదు. ఆవిడకీ ఇద్దరు పిల్లలు, వాళ్ళకి పాలంటేనే అసహ్యం. సొరుగు లాగి ఒక ఫారం బయటికి తీసింది. "బాగుపడ్డ పిల్లల్ని మళ్ళీ చిక్కిపోయారని రాయడానికి ఇందులో గడి లేదమ్మా. కొత్తగా చేరేవాళ్ళకి ఉంది."

"కొత్త పిల్లల్ని ఎక్కణ్ణుంచి తేనండీ?"

మేడం ఫ్యాను వంక చూసింది. "కోటు లేకుండా వస్తే కొత్తవాళ్ళేగా."

అలా ఆ నెలాఖరున ఇరవై ఇద్దరు పుష్టిగా ఉన్న పిల్లలు కాగితం మీద కేంద్రం వదిలి వెళ్ళిపోయారు. మర్నాడే ఇరవై ఇద్దరు బక్కపిల్లలు చేరారు. తల్లులు తలో కొత్త పేరూ వెతికి ఇచ్చారు. పెద్దసారు స్వయంగా వచ్చారు. వెళ్ళిపోయిన పిల్లల గురించి అరగంట మాట్లాడి, చప్పట్లు కొట్టించుకుని, కొత్తవాళ్ళని పలకరించారు. ముందు వరసలో ఉన్న పిచ్చుక చెంప పుణికారు.

"అయ్యో, పాపం! ఎంత చిక్కిపోయిందో చూడండి. మా పథకంలోకి ఇంకాస్త ముందే వచ్చుంటే ఎంత బాగుండేది!"

పిచ్చుక ఆ పథకంలో చేరి అప్పటికి రెండేళ్ళు. టీచరమ్మ పళ్ళు బిగబట్టి నవ్వింది.

"పాలు రేపట్నుంచేనా అండీ?" అని అడిగింది.

"కొత్తవాళ్ళు కదమ్మా. మంజూరు కావాలి. మూడు నెలలు," అన్నారు సారు, కారెక్కుతూ.

మర్నాడు మధ్యాహ్నం పిల్లలు అలవాటుగా గ్లాసులు పట్టుకుని వరసలో కూర్చున్నారు. పిల్లలంతా అమ్మమ్మా అని పిలిచే టీచరమ్మ, పాలు రావని చెప్పింది. పిచ్చుక ఖాళీ గ్లాసులోకి తొంగిచూసింది.

"అమ్మమ్మా, లావై వెళ్ళిపోయిందన్నారే ఒక పిల్ల, నా పాలు కూడా అదే తాగేసిందా?"

టీచరమ్మకి ఏడుపు ఆగలేదు. "ఏ పిల్లా తాగలేదే తల్లీ. నేనే తాగేశాను, ఆ మాయదారి భేష్ కోసం," అంది. పిచ్చుకకి అర్థం కాలేదు. అమ్మమ్మ మూతికి పాలు అంటుకున్నాయేమోనని పరీక్షగా చూసింది.

ఆ సాయంత్రమే టీచరమ్మ కోటుని పాతబట్టల వాడికి అమ్మేసింది. పెనిమిటి గుర్తు కదా అని ఒక్క గుండీ కూడా దాచుకోలేదు. ఆ డబ్బుతో నాలుగు రోజులు పాలు పోసింది. తర్వాత ఆవిడ జీతం రాళ్ళు ఇంకో పదకొండు రోజులు లాక్కొచ్చాయి. ఆపైన పిల్లలు మంచినీళ్ళు తాగి పడుకోవడం నేర్చుకున్నారు.

మళ్ళీ తూకం రోజు వచ్చింది. ఫోన్లో మేడం, త్రాసు మీద పిచ్చుక. అలవాటు కొద్దీ, కోటు తొడుగుతారని రెండు చేతులూ చాచి నిలబడింది. ముల్లు ఊగి ఊగి ఆగింది.

"తొమ్మిదిన్నరండీ," అంది టీచరమ్మ. రెండేళ్ళలో ఆవిడ ఉన్నదున్నట్టు చదివిన మొదటి నెల అది. "ఒంట్లో వేడిగా కూడా ఉందండీ."

"తొమ్మిదిన్నరా? హమ్మయ్య!" అంది మేడం. "ఇలా దిగుతుంటేనే మంజూరు తొందరగా వస్తుంది. ఇంకో రెండు నెలలు ఇలాగే మెయింటెయిన్ చెయ్యండి టీచరమ్మా. భేష్!"

టీచరమ్మ ఫోను పెట్టేసింది. పిచ్చుక ఇంకా చేతులు చాచే ఉంది.