కాశమ్మ శోకం

బడి మెట్ల మీద ఆఖరి బకెట్ నీళ్ళు కుమ్మరించి, కాశమ్మ చీపురును గోడకు ఆనించింది. తడిసిన చీర అంచు పిండుకుంది. బక్కపలచని మనిషి. మోచేతుల దాకా పచ్చబొట్లు, సున్నం ఇంకినట్టు తెల్లగా పగిలిన మడమలు. బడిలో ఆయా. దబీర్‌పురాలో రైలు పట్టాల పక్క గల్లీలో ఒంటిగది. భర్త సీమోను పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు పుట్టలేదని గల్లీ అంతా అనుకునేది.

ఆ గల్లీలో ఎవరు పోయినా ముందు కాశమ్మకే కబురు వెళ్ళేది. శవం తలాపున కూర్చుని, పోయిన మనిషి పడ్డ పాట్లన్నీ వరుసగా తలుచుకుంటూ ఆమె శోకం తీస్తే, ముఖాలు చూసుకోని తోడికోడళ్ళు కూడా ఒకరి భుజం మీద ఒకరు వాలి ఏడ్చేవారు. మాట్లాడితే గరగరలాడే ఆ గొంతు అప్పుడు రైలు చప్పుడులో కూడా వినబడేది. అయ్యాక ఇంటికి పోయి తలస్నానం చేసి, మళ్ళీ బడికి పోయేది.

పక్కింటి సుజన డిగ్రీ చదువుతోంది. మలక్‌పేటలో జానపద గీతాల పోటీ అని తెలిసి కాశమ్మ పేరు తనే రాయించింది. వద్దంటుందనుకున్న కాశమ్మ ఒప్పుకుంది. ఎందుకో ఆటో ఎక్కాక చెప్పింది.

"నేను పోతె నాకెవరు తీస్తరే శోకం? పెండ్లిగాని పిల్లవని సావుకాడికి మీ అమ్మ నిన్ను రానియ్యదు. ఆడనన్న విని పట్టుకో."

"గిప్పుడే పోతవా ఏంది పెద్దమ్మా?"

"చెప్పి పోతమా బిడ్డా."

చల్లటి హాలు. కీర్తిప్రియ అనే అమ్మాయి అద్దె కడియాలు పెట్టుకుని, నడుముకు వెండి పట్టీ కట్టుకుని నాట్ల పాట పాడింది. బాగా పాడింది. కాశమ్మ అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది. తర్వాత ఆమెనే పిలిచారు. బడి నీలం చీరలోనే వేదిక ఎక్కి, చుట్టూ చూసింది.

"ఎవరు పోయిన్రు సార్?"

హాలంతా నవ్వింది. న్యాయనిర్ణేత సీతారాం సంగీతం మాస్టారు. మర్యాదస్థుడు. "ఎవరూ పోలేదమ్మా. ఊరికే పాడండి."

"ఉత్తగ ఎట్ల ఏడుస్తరు సార్?"

"మీవాళ్ళనెవరినైనా తలుచుకోండి."

"పోయినోళ్ళకు అప్పుడే తీసిన. మళ్ళ లేపొద్దు. బతికున్నోళ్ళ మీద తియ్యొద్దు." కింద మొదటి వరసలో సుజన కనబడింది. "సరే. నా మీద నేనే తీసుకుంట."

కొంగు తల మీదికి లాక్కుని నేల మీద కూర్చుంది. మైకు కిందికి దించడానికి ఒకతను పరుగెత్తుకొచ్చాడు.

"లేవే కాశమ్మా, లేవే నా తల్లీ,
గల్లీ లేవకముందే లేసేదానివి గదనే.
మలక్‌పేటల మేడలు లేస్తుంటె
తల మీద ఇటుకలు మోస్తివి గదనే.
తట్ట దించకముందే నొప్పులు వచ్చె,
పేరు పెట్టకముందే బిడ్డ కండ్లు మూసె.
తువ్వాలల సుట్టి సీమోను చేతికిచ్చి
మన్నుల పెట్టి రమ్మంటివి గదనే.
ఆ బిడ్డకు..."

గంట మోగింది. ఒక్కొక్కరికి ఇచ్చిన సమయం అంతే. కాశమ్మ నోరు తెరుచుకునే ఉండిపోయింది. ఆ గంట తనకేనని ఆమెకు తెలియడానికి కొంచెంసేపు పట్టింది.

కీర్తిప్రియకు మొదటి బహుమతి వచ్చింది. మాస్టారు కాశమ్మను దగ్గరికి పిలిచి నెమ్మదిగా చెప్పాడు. "గొంతులో బలముందమ్మా. కానీ కళ్ళలో నీళ్ళు రాలేదు. హావభావాలకు మార్కులు తగ్గాయి. వేషం కూడా కాస్త పల్లెతీరుగా ఉంటే బాగుండేది."

కాశమ్మ దండం పెట్టింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో సుజన ఆమె వైపు తిరిగింది. "ఆ బిడ్డకు ఏమైంది పెద్దమ్మా?"

"గంట కొట్టిన్రు గద."

"ఇప్పుడు చెప్పు."

"ఊకె చెప్తె రాదే. శోకంల వస్తది." కాశమ్మ బయటికి చూస్తూ కూర్చుంది. తాను ఇటుకలు మోసిన ఇళ్ళు ఎక్కడో దుకాణాల వెనక ఉండాలి. "ఐతారం మీ అమ్మ చర్చికి పోయినంక రా. తలుపేసుకొని మొత్తం తీస్త. ఫికర్ జెయ్యకు."

ఆ రోజు చీకటి పడ్డాక సుజన కూర తీసుకుని వెళ్ళింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. నడుం వాల్చిన మనిషి వాల్చినట్టే ఉంది. చేయి ముట్టుకుంటే చల్లగా తగిలింది.

తెల్లారేసరికి గల్లీ ఆడవాళ్ళంతా గదిలో, గడపలో కూర్చున్నారు. ఏడుపు వస్తోంది గాని ఎవరికీ మాట రావడం లేదు. శోకం ఎత్తుకోవలసిన మనిషి చాప మీద పడుకుని ఉంది.

"బతికుండంగనే శోకం తీసుకొని సావు మీదికి తెచ్చుకున్నది," అంది సుజన తల్లి యశోద. తర్వాత కూతురి వీపు మీద చేయి వేసి తలాపుకు తోసింది. "నువ్వే విన్నవ్ గద. తియ్యి."

సుజన కూర్చుంది. లేవే కాశమ్మా అంది. పాటలో ఇటుకలు మోయించింది, తట్ట దించకముందే నొప్పులు తెప్పించింది. తువ్వాల మాట రాగానే ముసలివాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఇన్నేళ్ళుగా వాళ్ళకూ తెలియదు.

"ఆ బిడ్డకు..." అంది సుజన.

అందరూ తలలెత్తి ఆమె వైపు చూశారు. యశోద "ఊఁ" అని అందించబోయి ఊరుకుంది.

గూట్లో, నిన్న సాయంత్రం కాశమ్మ పులుసుకని నానబెట్టిన చింతపండు గిన్నె నిండా ఉబ్బి, మెత్తగా విచ్చుకుని ఉంది.