కుడిచేతి గ్లాసు

పదకొండింటికల్లా ఆమె ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేలిపోతుంది.

కాలేజీలో నటన నేర్పే టీచరు పోస్టు. ఆరేళ్లుగా తాత్కాలికం. పర్మనెంటు చేయాలంటే డిగ్రీ ఉండాలన్నారు. ఆమెకున్నవి చిన్న బడ్జెట్ సినిమాలు, తొమ్మిది. థియేటరు మొహం చూసినవి రెండే.

"ఎవరూ చూడని సినిమాల హీరోయినువి. వాళ్లకేం చూపిస్తావే?" అంది అమ్మ పొద్దున్నే, టిఫిన్ బాక్సు చేతికిస్తూ.

"నన్నే చూపిస్తా."

క్లాసులో ఇరవైమంది విద్యార్థులు. ఒక పక్కన ప్రిన్సిపాల్, ఆయన పక్కన వేరే కాలేజీ నుంచి పరీక్షించడానికి వచ్చిన ప్రొఫెసరు. మూడు డిగ్రీల మనిషి. ఈయన వద్దంటే సోమవారం నుంచి ఆ కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారు.

"డిగ్రీ లేకుండా ఏం నేర్పుతున్నారమ్మా?" అడిగాడాయన.

"చిన్న సినిమాల్లో ఏ షాట్‌లో ఏ చెయ్యి ఎక్కడుందో రాసిపెట్టే మనిషి ఉండడు సార్. నటే గుర్తుపెట్టుకోవాలి. నా మొదటి పాఠం అదే."

"మీకు గుర్తుంటుందా?"

సమాధానం కోసం ఆగకుండా ఆయన లాప్‌టాప్ తెరిచి తెరకు కలిపాడు. గోడమీద ఆమె ప్రత్యక్షమైంది. పదిహేడేళ్ల కిందటి ఆమె! విడుదల కాకుండా ఆగిపోయిన సినిమా. ఆమె కూడా చూడలేదు. నిర్మాత దగ్గర్నుంచి వెతికి తెప్పించాడట.

బల్లకు అటు సినిమాలో భర్త, ఇటు ఆమె. మధ్యలో నీళ్ల గ్లాసు. అక్కడ ఆపేశాడు.

"తర్వాత ఏం చేశారో చేసి చూపించండి."

ఆమె క్లాసులోని బల్ల ముందు కూర్చుంది. కళ్లు మూసి తెరిచింది. కుడిచేత్తో అక్కడున్న నీళ్ల గ్లాసు అందుకుంది. రెండు గుక్కలు తాగింది. కింద పెట్టి, చూపుడువేలు గ్లాసు అంచుమీద ఉంచి అంది:

"నేను వెళ్లను. కావాలంటే నువ్వెళ్లు."

ప్రొఫెసరు మీట నొక్కాడు. రెండు గుక్కలు. అంచుమీద వేలు. అదే మాట, అదే విరుపు. విద్యార్థులు చప్పట్లకు చేతులెత్తారు.

"ఆగండి," అన్నాడాయన. "తెరమీద గ్లాసు ఎడమచేతిలో ఉంది."

నిజమే. ఆయన కాగితంమీద ఏదో రాసుకున్నాడు. ప్రిన్సిపాల్ తల దించుకున్నాడు.

కుడిచెయ్యేనన్న జ్ఞాపకాన్ని ఆమె ఏనాడూ అనుమానించలేదు.

"మళ్లీ వేయండి సార్."

మళ్లీ వేశాడు. ఈసారి ఆమె తనను తాను చూసుకోలేదు. చుట్టూ చూసింది. పట్టేసింది! పెదవిదాకా వచ్చిన మాటను ఆపుకుని క్లాసువైపు తిరిగింది.

"తప్పెక్కడుంది? చెప్పండి."

ప్రొఫెసరు గడియారం చూసుకున్నాడు. ఒక్కరూ చెప్పలేకపోతే ఆరేళ్ల పాఠం గాలికి పోయినట్టే. అయినా జవాబు ఆమె అందించలేదు.

ఆఖరి బెంచీలోంచి ఒక చెయ్యి లేచింది. క్లాసంతా 'నిద్రమొహం' అని పిలిచే అమ్మాయి.

"మేడమ్, మీ భర్తగా వేసినాయన చొక్కా జేబు..."

"ఏమైందే జేబుకి?"

"ఇందాక ఎడమవైపుంది. గ్లాసెత్తే షాట్‌లో కుడివైపుకొచ్చింది. మధ్యలో చొక్కా మార్చుకునే టైమెక్కడిది పాపం!"

క్లాసు ఘొల్లుమంది.

"నవ్వులాపండి. అంటే ఏమిటి?"

"ఆ షాట్‌కి కెమెరాని బల్లకి అటుపక్క పెట్టేసుంటారు మేడమ్. తెరమీద మీరిద్దరూ అటూ ఇటూ మారిపోతారుగా. ఎడిటింగ్‌లో బొమ్మని అద్దంలోలా తిప్పేసి సరిచేశారు. మీ చెయ్యి కుడిదే!"

ప్రొఫెసరు మూడుసార్లు వేసి చూశాడు. మూడోసారి లేచి తెర దగ్గరికే వెళ్లి జేబు చూశాడు.

"వారం నుంచి చూస్తున్నానమ్మా ఈ సీను. నాకు కనపడనేలేదు," అని రాసింది కొట్టేశాడు. "ఈ పిల్లని మీరే తయారుచేశారా?"

"ఆ నిద్ర మాత్రం తన సొంతం సార్. మిగతాది నేనే."

ప్రిన్సిపాల్ ఫారం తీశాడు. "సార్, డిగ్రీ అన్నచోట ఏం రాద్దాం?"

"తొమ్మిది సినిమాలు అని రాయండి," అంది ఆమె.

ప్రొఫెసరు ఆమెకేసి చూసి, అదే రాసి సంతకం పెట్టాడు.

ఆయన లాప్‌టాప్ మూయబోతుంటే ఆమె చెయ్యి అడ్డుపెట్టింది. కుడిచెయ్యే.

"ఆ సినిమా ఒక కాపీ ఇచ్చి వెళ్లండి సార్. మా అమ్మ చూడాలి."