నలభై ఏడో నెంబరు దండ

మంగళవారం మధ్యాహ్నం పన్నెండూ యాభైకి, ఆదోనిలో ఒక ట్రస్టు నడిపే మ్యూజియంలో, నలభై ఏడో నెంబరు వస్తువును పదకొండేళ్ల స్వప్న మెడలో కట్టారు.

కట్టింది మ్యూజియం చూసుకునే శ్రీశ. వస్తువు దారానికి గుచ్చిన ఎర్ర, తెల్ల పూసల దండ. దాని పక్కన ఉండే అట్ట మీద రాసిందీ అతనే: ‘బసివి దండ. దేవతకు వదిలిన ఆడపిల్లకు కట్టేవారు. కట్టిన పిల్లకు పెళ్లి చేయరు.’ బల్ల మీద పెట్టి తీస్తే ఫోటోలో ఏమీ తెలియడం లేదు. ఒంటిపూట బడి అయ్యాక తల్లి కోసం వచ్చిన స్వప్న ఎదురుగా కనిపించింది.

తల్లి ఈశ్వరి అక్కడ ఊడ్చి తుడిచే మనిషి. బక్కెట్టుతో లోపలికి వచ్చి కూతురి మెడ చూసింది. బక్కెట్టు ఎప్పుడు కింద పెట్టిందో ఆమెకే తెలియదు.

“అమ్మా, సూడు, ఫోటోలో పడతాండా!”

“ఏం పని సేసినారు సార్?”

“ఫోటోకే కదా ఈశ్వరమ్మా. రెండు నిమిషాలు. ఇదో, తీసేస్తా.”

“ముట్టగాకండి!”

ఆ అరుపుకు స్వప్న గోడకు అతుక్కుపోయింది.

మూడేళ్లుగా ఈశ్వరి ఆ దండ ఉండే అద్దాల పెట్టె తుడుస్తోంది గానీ దండ వంక చూసింది లేదు. ఆమె పెద్దమ్మ సుంకమ్మకు తొమ్మిదో ఏట జ్వరం వస్తే ఇట్లాంటిదే కట్టారు. జ్వరం తగ్గితే తీసేస్తామన్నారు. జ్వరం తగ్గింది. దండ తీయలేదు. సుంకమ్మకు ఇప్పుడు డెబ్బై రెండు. పెళ్లి జరగలేదు.

“కట్టినోళ్లు విప్పితే దోషం పోదు సార్. మా పెద్దమ్మను అడగల్ల. నందవరం పోవల్ల.”

“ఇలా దేవతకు వదలకూడదని ఇప్పుడు చట్టం ఉంది ఈశ్వరమ్మా.”

“అప్పుడూ ఉన్నిందంట సార్.”

వస్తువు బయటికి పోతే జవాబు చెప్పాల్సింది శ్రీశే. అతనూ వాళ్లతో బస్సెక్కాడు.

ఈశ్వరి కొంగుతో కూతురి మెడ చుట్టింది. పక్క సీటు ముసలామె వంగి చూసింది.

“ఏమ్మా, ఈ ఎండకు పాపకు కొంగేంది? గొంతు నొప్పా?”

“ఆ, నొప్పే.”

ముసలామె కొంగు జరపబోయింది. ఈశ్వరి ఆ చేతిని తోసేసింది.

“అమ్మా, ఇది కట్టుకుంటే ఏమైతాది?” స్వప్న గొంతు తగ్గించి అడిగింది.

ఈశ్వరి కొంగు ఇంకా దగ్గరికి లాగింది. ఎమ్మిగనూరు దాకా పిల్ల దండకు చేతులు తగలకుండా తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

అక్కడ ఆటో ఎక్కి మూడున్నరకు నందవరంలో దిగారు. సుంకమ్మ వాకిట్లో శనక్కాయలు ఒలుస్తోంది. పిల్ల మెడ చూసి చేట పక్కన పెట్టింది.

“ఎవరు కట్టింది?”

“నేనేనమ్మా. తెలియక…”

“తెలిసే కట్టినాడు పెద్దమ్మా,” అంది ఈశ్వరి. “దీని గురించి అట్ట మీద రాసింది గూడా ఈయనే.”

సుంకమ్మ ముడిని వేలితో తడిమింది.

“విప్పితే మల్లా ఎవరో ఒకరు కడతారు. కోయల్ల.”

లోపలికి పోయి కత్తెర తెచ్చింది.

“అమ్మా, అది మ్యూజియందమ్మా,” అన్నాడు శ్రీశ. “కోస్తే మళ్లీ రాదు.”

కత్తెర దారం మీద ఆగింది. స్వప్న కళ్లు మూసుకుంది.

“సెప్పప్పా. కోయాల్నా, వద్దా? నన్నయితే ఎవరూ అడగలేదు. నిన్ను అడుగుతాండా.”

శ్రీశ ఈశ్వరిని చూశాడు. ఆమె కూతురి భుజాలు పట్టుకుని కత్తెర వైపే చూస్తోంది.

“కోయమ్మా,” అన్నాడు.

మూడూ నలభైకి దారం తెగింది. శ్రీశ మోకాళ్ల మీద కూర్చుని పూసలు రుమాల్లోకి ఏరాడు. మ్యూజియం జాబితా ప్రకారం అవి యాభై ఒకటి. వాకిట్లో దొరికినవి యాభై. యాభై ఒకటోదాని కోసం అతను వెతకలేదు.